కొక్కేల పొలం

కాల్డర్ లోయలో వానకి పేరు పెట్టరు,
వాన రాని రోజుకే పెడతారు.
ఆ ఆదివారం పేరు లేనిదే.
ఏడుగురం గొడుగుల కింద ఒదిగి నిలబడితే
వినిఫ్రెడ్ బారాక్లఫ్ ఒక్కతే తడుస్తూ
పాత మిల్లు వెనకాల ఏటవాలు నేల చూపించి
"టెంటర్ పొలం" అంది.

చూడ్డానికేముంది? గడ్డి. రెండు గొర్రెలు.
నాచు పట్టి పక్కకి ఒరిగిన రాతి స్తంభం ఒకటి.

"ఇక్కడ వరసగా చట్రాలుండేవి, దడి కట్టినట్టు.
మగ్గం దిగిన ఉన్ని గుడ్డని
ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన ఉచ్చలో నానేసి..."
(పిల్లలు ముక్కులు మూసుకునేదాకా ఆగింది.
ప్రతి ఆదివారం ఇక్కడే ఆగుతుందనుకుంటా.)
"...సుత్తులతో దంచి, ఏట్లో జాడించి
ఈ మిట్టకి మోసుకొచ్చేవాళ్ళు.
తడిసిన ఉన్ని పిరికిది.
దాని మానాన దాన్ని వదిలేస్తే ముడుచుకుపోతుంది.
అందుకని పై అంచుకో వరస, కింది అంచుకో వరస
కొక్కేలు గుచ్చి, లాగి, ఇంకా లాగి
నిలబెట్టేవాళ్ళు,
ఆరేదాకా."

జేబులోంచి ఒకటి తీసింది.
తుప్పుది. చిటికెన వేలంత. మోచేయిలా వంగింది.
రెండు కొసలూ వాడే:
ఒకటి కర్రకి, ఒకటి గుడ్డకి.
అదే జేబులో ఫోను కూడా ఉన్నట్టుంది,
కొక్కెంతో పాటు ఆమె చూపు కూడా
లోపలికెళ్ళి పైకొచ్చింది.

"కబురు కోసం కాచుక్కూచున్న ప్రతివాళ్ళూ
ఆన్ టెంటర్‌హుక్స్ అంటారు కదా,
ఆ మాట ఇలాంటి గడ్డిలోంచి లేచిందే.
సగం మంది టెండర్‌హుక్స్ అంటారు.
లేత కొక్కేలు!
గుచ్చుకున్నా నొప్పెట్టనివి కాబోలు."
మేం నవ్వాం.

మనకి ముళ్ళు, వీళ్ళకి మేకులు, అనుకున్నాను.
ముళ్ళ మీద మనమే కూర్చుంటాం,
మరీ భరించలేకపోతే లేచి నాలుగడుగులు వేస్తాం.
కొక్కేలకి మాత్రం ఎవరో తగిలించాలి.
మళ్ళీ ఎవరో వచ్చి దించాలి.

పసుపు బూట్ల పిల్లాడు అడిగాడు:
"రాత్రిపూట ఎవరూ ఎత్తుకుపోరా?"
"పోయేవాళ్ళు. పట్టుబడితే
అదిగో, ఆ కొండ అవతల హాలిఫాక్స్‌లో
తల తీసేసేవాళ్ళు."
వాడు మెడ తడుముకున్నాడు, సంతోషంగా.
"గుడ్డకి నొప్పి పుట్టదా మరి?"

జవాబు నోట్లో ఉండగానే ఫోను వణికింది.
ఆమె వెనక్కి తిరిగింది. వానకోటు వీపు.
మాకు వినబడింది ఇంతే:
"లేదండీ. మా ఇంటి కిటికీలు బాగానే ఉన్నాయి.
మార్చక్కర్లేదు. ఆదివారం కూడానా?"

కిటికీలమ్మేవాడి మీద కోపం
మామీద పడకుండా మింగి, మాతో అంది:
"మా తమ్ముడు. క్లిఫర్డ్.
తెల్లవారుజామున లోపలికి తీసుకెళ్ళారు. గుండె.
రెండు గంటలు పడుతుందన్నారు."
పన్నెండు కావస్తోంది.
ఎవరం గడియారం వంక చూడలేదు,
అందరికీ టైము తెలిసిపోయింది.

"అయ్యో, ఇంటిదగ్గరే ఉండాల్సింది కదా"
అన్నదొకావిడ.

"ఇంట్లో ఉంటే ముడుచుకుపోతాను"
అని వినిఫ్రెడ్ అద్దకం షెడ్డు వైపు దారితీసింది.
బురద. జారుడు మెట్లు.
ఒక్కొక్కరికీ చెయ్యందించింది,
వంతెన దాటాక మమ్మల్ని లెక్కపెట్టింది,
ఏడుగురికి ఎనిమిది వచ్చి, మళ్ళీ లెక్కపెట్టింది.

నీలిమందు గురించి, ఉడుకు తొట్ల గురించి,
చేతులు జన్మలో తెల్లబడని అద్దకంవాళ్ళ గురించి
ఒక్క తేదీ తప్పకుండా చెప్పింది.

కొక్కెం చేతులు మారి మారి నా దగ్గరికొచ్చింది.
ఏ కొస కర్రదో, ఏ కొస గుడ్డదో
తుప్పులో పోల్చుకోలేక
నడుం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాను.
తిరిగిచ్చేటప్పుడు
ఆమె అరచెయ్యి చల్లగా, చాచిపెట్టినట్టే ఉంది.

బస్సు కిటికీలోంచి చూస్తే
గొర్రె ఒకటి ఆ రాతి స్తంభానికి ఒళ్ళు రుద్దుకుంటోంది.
అది పక్కకి జరిగాక
రాతికి కాస్త ఉన్ని అంటుకునుంది, తడిసి.

మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను,
ఆమె చెయ్యి చెవి దగ్గరికి వెళ్తుందేమోనని.